టెస్టు ఆడని గొంతు

2019 నవంబర్‌లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో మన దేశపు తొలి డే-నైట్ టెస్టు జరిగింది. గులాబీ బంతి, ఎదురుగా బంగ్లాదేశ్. తొలి ఇన్నింగ్స్‌లో ఆ జట్టు 106 పరుగులకే కుప్పకూలింది. బ్యాటర్ల హెల్మెట్లకు బంతులు టపటపా తగిలాయి. ఇద్దరి బదులు కంకషన్ సబ్‌స్టిట్యూట్లు దిగాల్సి వచ్చింది. కామెంటరీ బాక్సులో ఉన్న హర్షా భోగ్లేకు ఒక సందేహం. దీపాల వెలుతురులో ఈ బంతి సరిగ్గా కనిపిస్తోందా లేదా అన్నది ఆటగాళ్లనే అడిగి తెలుసుకోవాలి అన్నారాయన. పక్కనున్న సంజయ్ మంజ్రేకర్ ఊరుకోలేదు. ఆ అవసరం మీకుంటుందేమో గానీ, ఆట ఆడిన మాలాంటివాళ్లకు మైదానంలో ఏం జరుగుతోందో తెలుస్తూనే ఉంటుందన్న అర్థంలో మాట విసిరారు. ఆడలేదన్నది నేర్చుకోవడానికి అడ్డు కాకూడదని హర్ష మెత్తగానే తిప్పికొట్టారు. మైకులు తెరిచే ఉన్నాయి. దేశమంతా విన్నది.

తన మాట తప్పేనని మంజ్రేకర్ ఆ తర్వాత ఒప్పుకున్నారు. అక్కడితో ఆ గొడవ సర్దుమణిగింది. కానీ ఆయన నోరు జారి బయటపెట్టిన అభిప్రాయం మాత్రం కామెంటరీ బాక్సుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఆడినవాడికే మాట్లాడే హక్కు అన్నది ఆ అభిప్రాయం.

మన పల్లెల్లో ఈ షరతు ఎవరూ పెట్టినట్టు లేరు. ప్రకాశం, గుంటూరు, పల్నాడు వైపు ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలకు వెళితే మైకు పట్టుకుని ఒక మనిషి కనిపిస్తాడు. ఏ జత ఏ ఊరిది, యజమాని ఎవరు, ఇప్పటికి ఎన్ని అడుగులు లాగాయి, ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలాయి, ముందున్న జతను దాటాలంటే ఎంత కావాలి అన్నది గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉంటాడు. జనం ఒక కన్ను గిత్తల మీద, ఒక చెవి మైకు మీద పెట్టి చూస్తారు. ఆ మనిషి ఏనాడూ బండ లాగి ఎరగడు. గిత్తలు అభ్యంతరం చెప్పిన దాఖలా లేదు.

హర్షా భోగ్లేది సరిగ్గా ఆ కోవ. 1961లో హైదరాబాద్‌లో ఒక మరాఠీ కుటుంబంలో పుట్టారు. తండ్రి ఫ్రెంచి ప్రొఫెసర్, తల్లి సైకాలజీ ప్రొఫెసర్. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్, ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్, ఆ తర్వాత ఐఐఎం అహ్మదాబాద్. నగర లీగ్‌లో ఎ డివిజన్ క్రికెట్ ఆడారు, రోహింటన్ బారియా టోర్నీలో యూనివర్సిటీ తరఫున బరిలోకి దిగారు. అంతకుమించి ఆట సాగలేదు. అయితే 19 ఏళ్లకే ఆకాశవాణి హైదరాబాద్‌లో మైకు ముందు కూర్చున్నారు. ఇంజినీరింగ్ పుస్తకాలు ఒక చేతిలో, స్కోరు కాగితం ఇంకో చేతిలో అనుకోవచ్చు.

రేడియో అన్నది కనికరం లేని బడి. అక్కడ వ్యాఖ్యాత చెప్పనిదేదీ శ్రోతకు జరగనట్టే. బౌలర్ ఏ చివర నుంచి వస్తున్నాడు, ఫీల్డర్ ఎక్కడున్నాడు, బంతి ఎటు పోయింది, ఎన్ని పరుగులు, మొత్తం స్కోరెంత... ఇప్పుడే ట్రాన్సిస్టర్ పెట్టినవాడు ఒకడు ఎక్కడో ఉంటాడు, వాడికోసం స్కోరు మళ్లీ మళ్లీ చెప్పాలి. టీవీలో దీనికి పూర్తిగా తలకిందులు. బొమ్మ కనబడుతూనే ఉంది కాబట్టి కనిపించేదాన్ని చెబితే చూసేవాడికి విసుగు. ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ రిచీ బెనో ఈ తేడాను అందరికంటే ముందు పట్టుకున్నారు. 1956లో ఇంగ్లండ్ పర్యటన ముగిశాక కూడా లండన్‌లో ఆగిపోయి బీబీసీలో టీవీ శిక్షణ తీసుకున్నారు. అప్పటికి ఆయన ఇంకా టెస్టులు ఆడుతున్నారు! బొమ్మకు అదనంగా చెప్పేదుంటేనే నోరు తెరవాలి, లేకపోతే మూసుకోవాలి అన్నది ఆయన పద్ధతి. గమనించాల్సిందేమిటంటే, 63 టెస్టులు ఆడిన బెనో కూడా మాట్లాడటం అనే పనిని విడిగా నేర్చుకోవాలనే అనుకున్నారు. మన దగ్గర రిటైరైన మర్నాడే మైకు చేతిలో పెడుతున్నారు.

ఆడనివాళ్లు ఈ వృత్తిలో కొత్తేమీ కాదు. ఇంగ్లండ్ రేడియోలో క్రికెట్‌కు గొంతుగా నిలిచిన జాన్ అర్లాట్ మొదట పోలీసు, ఆ తర్వాత బీబీసీలో కవిత్వ కార్యక్రమాల నిర్మాత. 1946లో భారత జట్టు అక్కడ పర్యటించినప్పుడే ఆయన క్రికెట్ వ్యాఖ్యానం మొదలైంది. వెస్టిండీస్ క్రికెట్‌ను దశాబ్దాల పాటు ప్రపంచానికి వినిపించిన టోనీ కోజియర్ ఒక్క టెస్టూ ఆడలేదు.

టెస్టు ఆడినవాళ్ల సంగతీ చూద్దాం. విజయనగరం రాజవంశం వాడు, విజ్జీగా పేరుపడ్డ పూసపాటి విజయానంద గజపతిరాజు 1936లో భారత కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లారు. మూడు టెస్టులు ఆడి మొత్తం 33 పరుగులు చేశారు. తర్వాతి కాలంలో రేడియో వ్యాఖ్యాతగానూ గొంతు వినిపించారు. ఆయన ఒకసారి తాను పులుల్ని ఎలా వేటాడేదీ చెబుతుంటే, వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ రోహన్ కన్హాయ్ విని, అడవిలో ట్రాన్సిస్టర్ పెట్టి మీ కామెంటరీ వినిపించి చంపేవారనుకున్నానే అన్నాడని క్రికెట్ లోకంలో ఒక కథ చెప్పుకుంటారు. జరిగిందో కల్పించిందో గానీ, మంజ్రేకర్ కొలత ప్రకారం చూస్తే విజ్జీకి అర్హత ఉంది, అర్లాట్‌కు లేదు.

హర్షకు పెద్ద తలుపు తెరిచింది ఆస్ట్రేలియా. 1991-92లో భారత జట్టు అక్కడికి వెళ్లినప్పుడు ఆస్ట్రేలియన్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ తన రేడియో జట్టులోకి ఆయన్ను పిలిచింది. ఆ సంస్థ అలా ఆహ్వానించిన తొలి భారతీయ వ్యాఖ్యాత ఆయనే. వయసు 30. ఆ జట్టు కెప్టెన్ అజహరుద్దీన్‌దీ హైదరాబాదే, స్పిన్నర్ వెంకటపతి రాజుదీ హైదరాబాదే. సిరీస్ 4-0తో పోయింది. పోయినా చెప్పుకోవడానికి ఎంత సరుకు దొరికిందో చూడండి. సిడ్నీలో 18 ఏళ్ల సచిన్ అజేయంగా 148, పెర్త్‌లో 114. అదే సిడ్నీలో రవిశాస్త్రి 206. ఆ మ్యాచ్‌లోనే షేన్ వార్న్ అనే బొద్దు కుర్రాడు తొలి టెస్టు ఆడి 150 పరుగులిచ్చి ఒక్క వికెట్‌తో సరిపెట్టుకున్నాడు. అడిలైడ్‌లో 372 లక్ష్యం వెంట పడి అజహర్ సెంచరీ కొడితే, మనవాళ్లు 38 పరుగుల తేడాతో ఓడిపోయారు. ఓడిపోతున్న జట్టు దేశంవాడు, గెలుస్తున్న దేశపు రేడియోలో కూర్చుని, ఇటు ఏడవకుండా అటు పొగడ్తల్లో మునగకుండా ఆట చెప్పాలి. పక్షపాతం లేని గొంతు అలవడటానికి అంతకంటే మంచి తాలీం ఇంకెక్కడ దొరుకుతుంది? పాతికేళ్ల తర్వాత ఆ నిష్పాక్షికతే ఆయన మీద నేరంగా మారుతుందని అప్పుడెవరూ ఊహించి ఉండరు.

ఆ కథకు వెళ్లేముందు ఒక కోర్టు కేసు గుర్తు చేసుకోవాలి. హర్ష లాంటి వృత్తి మన దేశంలో పుట్టిందే ఆ తీర్పు తర్వాత.

1993 నవంబర్‌లో బెంగాల్ క్రికెట్ సంఘం హీరో కప్ నిర్వహించింది. ప్రసార హక్కుల్ని దూరదర్శన్‌కు కాకుండా టీడబ్ల్యూఐ అనే విదేశీ సంస్థకు అమ్మింది. ప్రభుత్వానికి కోపం వచ్చింది. ఆకాశం మాది, మా అనుమతి లేకుండా సిగ్నల్ పంపడానికి వీల్లేదన్నది. ప్రసార సామగ్రిని బొంబాయి కస్టమ్స్ అధికారులు ఆపేశారు. సంఘం కోర్టుకెక్కింది. ఆ టోర్నీ మనకు గుర్తుండేది సెమీస్‌లో దక్షిణాఫ్రికాకు ఆఖరి ఓవర్లో 6 పరుగులు కావాల్సిన వేళ సచిన్ బంతి అందుకున్నందుకు, ఫైనల్లో కుంబ్లే 12 పరుగులకే 6 వికెట్లు తీసినందుకు. చరిత్రకు గుర్తుండాల్సింది మాత్రం 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదు అని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. వారిలో ఒకరు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ఆయన విడిగా రాసిన తీర్పులో మరో హెచ్చరిక కూడా ఉంది. ప్రభుత్వ గుత్తాధిపత్యం పోయి దాని స్థానంలో ప్రైవేటు గుత్తాధిపత్యం రావడం కూడా వాక్‌స్వేచ్ఛకు మంచిది కాదన్నది దాని సారం. మొదటి మాట అందరూ పట్టుకున్నారు. రెండో మాట గాలికి పోయింది.

ఆ ఏడాదే హర్ష ఈఎస్‌పీఎన్‌లో చేరారు. మరుసటి ఏడాదికి అది స్టార్‌తో కలిసింది. సింగపూర్ స్టూడియో నుంచి చెవులకింపైన ఇంగ్లిష్‌లో, చొక్కా చేతులు మడిచి, నవ్వుతూ క్రికెట్ చెప్పే మనిషి తెలుగిళ్లలోకీ వచ్చాడు. 1996, 1999 ప్రపంచ కప్‌లకు బీబీసీకి కూడా పనిచేశారు. ‘హర్షా కీ ఖోజ్’ పేరుతో కొత్త వ్యాఖ్యాతల కోసం వేట కార్యక్రమమూ నడిపారు. కామెంటేటర్ కావాలనుకునే కుర్రాడు ముందు రంజీ ఆడి రావాల్సిన పనిలేదని ఒక తరానికి తెలిసింది అప్పుడే.

ఈ పని బయటికి కనిపించినంత హాయి కాదు. బాక్సులో సాధారణంగా ముగ్గురు ఉంటారు. నడిపేవాడు ఒకడు, విశ్లేషించే మాజీలు ఇద్దరు. నడిపేవాడి చెవిలో డైరెక్టర్ గొంతు ఆగకుండా మోగుతుంటుంది. రీప్లే వస్తోంది, ప్రకటనకు పోతున్నాం, గ్యాలరీలో ఫలానా మనిషిని చూపిస్తున్నాం... అది వింటూ, ఎదుట మానిటర్ చూస్తూ, బౌలర్ పరుగు మొదలుపెట్టగానే మాట ఆపి, బంతి పడ్డాక మూడు ముక్కల్లో చెప్పి, పక్కనున్న మాజీ ఆటగాడి నోట్లోంచి పనికొచ్చే విషయం రాబట్టే ప్రశ్న వేయాలి. ఓవర్ ఆఖరి బంతికి వాక్యం ముగియకపోతే సబ్బు ప్రకటన దాన్ని మధ్యలో నరికేస్తుంది. ఐపీఎల్ తొలి సీజన్లలోనైతే సిక్సర్‌ను సిక్సర్ అనడానికీ లేదు. స్పాన్సర్ పేరు కలిపి ‘డీఎల్ఎఫ్ మ్యాగ్జిమమ్’ అనాలి. క్యాచ్ పడితే అది ‘కార్బన్ కమాల్ క్యాచ్’. ఆడినవాళ్లూ ఆడనివాళ్లూ సమానంగా మోసిన పల్లకీ అది.

హర్ష బలం అంతా ఆ ప్రశ్నలో ఉంది. తెలియదని ఒప్పుకుని, తెలిసినవాణ్ణి అడగడం. ఈడెన్‌లో ఆయన చేసిందీ అదే. ఇంట్లో సోఫా మీద కూర్చున్న మనిషి టెస్టు ఆడలేదు. అతని తరఫున ప్రశ్న అడిగేవాడు బాక్సులో ఒకడుండాలి కదా! అందరూ తెలిసినవాళ్లే అయితే ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పరు, పాత జ్ఞాపకాలు నెమరేసుకుంటారంతే. ఇవాళ చాలా ప్రసారాల్లో వినిపిస్తున్నది ఆ నెమరే. 2003 ప్రపంచ కప్‌లో టీవీ యాంకర్ మందిరా బేడీని పక్కన కూర్చోబెట్టుకుని మాజీలు ఎంత చులకనగా చూశారో, అప్పట్లో ఆమె చీరల మీద ఎన్ని జోకులు పేలాయో గుర్తున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. హర్ష పట్ల కూడా మెచ్చుకోలు ఎక్కువైనప్పుడు సగంలో ఆగిన పొగడ్త ఒకటి వచ్చేది. అంత బాగా మాట్లాడతాడు, నిజమే, కానీ... అని.

2016 మార్చి 23. బెంగళూరులో టీ20 ప్రపంచ కప్ మ్యాచ్, మళ్లీ బంగ్లాదేశే. ఆఖరి మూడు బంతుల్లో వాళ్లకు రెండే పరుగులు కావాలి. హార్దిక్ పాండ్యా మూడు బంతులకూ మూడు వికెట్లు పడ్డాయి, చివరిది ధోనీ పరిగెత్తి వచ్చి చేసిన రనౌట్. ఒక్క పరుగు తేడాతో గెలిచాం. ఊపిరి పీల్చుకోకముందే అమితాబ్ బచ్చన్ ట్వీట్ చేశారు. మన వ్యాఖ్యాత ఎప్పుడూ అవతలివాళ్ల గురించే కాకుండా మనవాళ్ల గురించి ఎక్కువ మాట్లాడితే బాగుంటుందన్నది దాని తాత్పర్యం. పేరు చెప్పలేదు. ఇంతకుమించి చెప్పేదేం లేదంటూ ధోనీ దాన్ని రీట్వీట్ చేశాడు. ఎవరిని ఉద్దేశించిందోనన్న ఊహలన్నీ హర్ష చుట్టూ తిరిగాయి. ఇంగ్లిష్ ప్రసారం ఒక్క మన దేశానికే కాదు, ప్రపంచమంతా వెళుతుంది, ఢాకాలో కూర్చున్నవాడూ దాన్నే వింటాడు, అందుకే రెండు జట్లనూ సమంగా చూడాలి అని హర్ష ఓపిగ్గా వివరణ రాశారు. పదిహేను రోజులు తిరిగేసరికి ఐపీఎల్ మొదలైంది. వ్యాఖ్యాతల జాబితాలో ఆయన పేరు లేదు.

కారణం ఎవరూ చెప్పలేదు. తనకూ చెప్పలేదనే ఆయన రాశారు. జనానికి నచ్చకపోతే సరే, కానీ ఆటగాళ్ల ఫిర్యాదు వల్ల మాత్రం కాకూడదని కోరుకుంటున్నానన్నారు. ఫిర్యాదు ఎవరు చేశారు, అసలు చేశారా లేదా అన్నది క్రికెట్ బోర్డు ఇవాళ్టికీ బయటపెట్టలేదు. 2018లో ఆయన మళ్లీ ఐపీఎల్ మైకు ముందుకొచ్చారు. తీసుకున్నదీ ఎందుకో ఎవరూ చెప్పలేదు.

అసలు పితలాటకం ఇక్కడుంది. పత్రికలో క్రికెట్ మీద రాసేవాడికి జీతం పత్రిక ఇస్తుంది. టీవీలో క్రికెట్ గురించి చెప్పేవాడికి జీతం, స్వదేశంలో జరిగే మ్యాచ్‌లకు చాలా ఏళ్లపాటు క్రికెట్ బోర్డే ఇచ్చింది. గావస్కర్, శాస్త్రి బోర్డుతో ఏడాదికి చెరి 3.6 కోట్ల రూపాయల ఒప్పందంలో ఉన్నారని 2011లో వార్త బయటికొచ్చినప్పుడు కాసేపు దుమారం రేగి సద్దుమణిగింది. 2013లో ఆస్ట్రేలియా జట్టు మన దగ్గరికి వచ్చినప్పుడు ఇయాన్ చాపెల్‌ను కామెంటరీకి పిలిచారు. అంపైర్ల తీర్పుల్ని సమీక్షించే డీఆర్ఎస్ గురించి, జట్టు ఎంపిక గురించి, బోర్డు పాలన గురించి మాట్లాడకూడదని షరతు పెడితే ఆయన రానన్నారు. చాపెల్ రాననగలరు. 75 టెస్టులు ఆడిన ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్, ఆ దేశంలోనే ఆయనకు కావాల్సినంత పని. మనవాళ్లలో ఎంతమందికి ఆ వెసులుబాటు ఉంది?

పెళ్లికొడుకు తరఫువాళ్లు డబ్బిచ్చి తెచ్చుకున్న సన్నాయి పెళ్లికొడుకు మేనమామ మీద సెటైర్ వాయించదు. అది సన్నాయి తప్పు కాదు. కానీ క్రికెట్ ప్రసారాన్ని ఆటకు సంబంధించిన వార్తగా జనం వింటున్నారే, వాళ్లకు ఈ సంగతి తెలియాలా వద్దా? ఒక టాస్ వివాదాస్పదమైతే, ఒక పిచ్ పనికిమాలినదైతే, ఒక ఎంపిక అన్యాయమైతే ఇంటి పెద్ద నోరు మూయించే బాక్సు నుంచి నిజం రాదు. 2020 మార్చిలో మంజ్రేకర్‌నే బోర్డు తన ప్యానెల్ నుంచి తప్పించింది. హర్షను ఆటగాడు కాదని చులకన చేసిన మనిషికి 37 టెస్టుల అనుభవం ఏమీ అడ్డుపడలేదు. అంటే ఈ గోడ ఆడినవాడికీ ఆడనివాడికీ మధ్య లేదు. నచ్చిన మాటకూ నచ్చని మాటకూ మధ్య ఉంది. తేడా ఒక్కటే. ఆడినవాణ్ణి తప్పిస్తే గోల చేయడానికి అతని రికార్డు తోడుంటుంది. ఆడనివాడికి తన నోరే రికార్డు.

తెలుగులో ఈ కథ ఇంకా లేతగా ఉంది. స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానల్ 2018 డిసెంబర్‌లో వచ్చింది. 2023లో ఐపీఎల్‌ను డిజిటల్‌లో డజను భాషల్లో వినిపించారు, వాటిలో తెలుగు, భోజ్‌పురి ఉన్నాయి. గుంటూరు మనిషి ఎంఎస్‌కే ప్రసాద్, విశాఖ మనిషి వేణుగోపాలరావు లాంటి మాజీలు ఆట లోతు తెలిసినవాళ్లు, వాళ్ల విశ్లేషణలో చాలాసార్లు మంచి సంగతులు దొరుకుతాయి. ఇబ్బంది నడిపేవాళ్లతోనే. ‘అద్భుతమైన షాట్ అని చెప్పుకోవచ్చు’, ‘కీలకమైన వికెట్ అని చెప్పుకోవచ్చు’. చెప్పుకోవచ్చో లేదో అనుమానం ఉంటే చెప్పడం ఎందుకు? ఇంకోపక్క ప్రతి సిక్సర్‌కూ ఒక సినిమా డైలాగ్. మూడో సిక్సర్‌కు వింతగా ఉండదు, పదో సిక్సర్‌కు మ్యూట్ బటన్ వెతుక్కోవాల్సిందే. బండలాగుడు మైకు మనిషి ఇంతకంటే కుదురుగా చెబుతాడు. అతని దగ్గర అంకె ఉంటుంది, కాలం ఉంటుంది, రెండు ఊళ్ల పౌరుషం ఉంటుంది, దేన్ని ఎప్పుడు చెప్పాలో తెలుసు. మన చానళ్లు ఒక్కసారైనా అలాంటివాళ్లలో, రేడియో అనౌన్సర్లలో, క్రీడా విలేకరుల్లో, కాలేజీ కుర్రాళ్లలో గొంతుల కోసం వెతికాయా? 2023-27 ఐపీఎల్ హక్కుల ధర 48,390 కోట్ల రూపాయలు. అందులో పిసరంత పెడితే ఒక ‘ఖోజ్’ తెలుగులోనూ జరుగుతుంది. అంత ఖరీదైన ఆటను మన భాషలో ఎలా చెప్పాలో నేర్పే చోటు మాత్రం రెండు రాష్ట్రాల్లో కలిపి వెతికినా కనిపించదు.

ఇక 2025 ఏప్రిల్ సంగతి. కోల్‌కతా నైట్‌రైడర్స్ తన సొంత మైదానంలో తన బౌలర్లకు నప్పే పిచ్ అడిగితే క్యూరేటర్ ఇవ్వడం లేదన్న వివాదం నడిచింది. సొంతగడ్డ మీద ఆడేవాళ్లకు తమ బౌలర్లకు తగ్గ పిచ్ దొరకాలి అని హర్ష అన్నారు. న్యూజిలాండ్ మాజీ సైమన్ డూల్ ఇంకాస్త ఘాటుగా అన్నారు. ఈ ఇద్దర్నీ ఈడెన్‌లో జరిగే మ్యాచ్‌లకు కామెంటరీకి పంపవద్దని రాష్ట్ర సంఘం బోర్డుకు లేఖ రాసిందని పత్రికల్లో వచ్చింది. ఏ సంఘం? బెంగాల్ క్రికెట్ సంఘమే. ఆకాశ తరంగాలు ప్రభుత్వం సొత్తు కాదని 1995లో సుప్రీంకోర్టు చేత చెప్పించుకున్న ఆ సంఘమే.

ఏప్రిల్ 21న ఈడెన్‌లో కోల్‌కతా, గుజరాత్ ఆడాయి. బాక్సులో హర్ష కనిపించలేదు. నిషేధం పడిందన్న ప్రచారం గుప్పుమంది. మర్నాడు ఆయన ఎక్స్‌లో వివరణ పెట్టారు. ఈ మ్యాచ్ తన జాబితాలోనే లేదట. కోల్‌కతాలో తనకు వేసినవి రెండు మ్యాచ్‌లు, మొదటిదానికి వెళ్లారు, రెండోదానికి ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేక వెళ్లలేకపోయారు. డ్యూటీ చార్టులు టోర్నీ మొదలుకాకముందే వేస్తారని, తనను అడిగి ఉంటే విషయం తేలిపోయేదని కూడా రాశారు. సైఫాబాద్ ఆకాశవాణిలో మొదలై నాలుగున్నర దశాబ్దాలు మైకు ముందు గడిపిన 63 ఏళ్ల మనిషి, ఒక సోమవారం సాయంత్రం తాను ఎందుకు పనికి రాలేదో దేశానికి సంజాయిషీ రాసుకున్నారు.